కొత్త రైఫిల్, సొంత తూటా: మొదటి 200 రౌండ్లు

అప్పుడే కట్టించిన రైఫిల్లో చేత్తో నింపిన తూటా పెట్టి కాల్చారు, బోల్ట్ (తూటాని వెనక నుంచి మూసి ఉంచే కడ్డీ) హ్యాండిల్ పైకి లేవనని మొరాయించింది అనుకోండి. తూటా అంటే ఇక్కడ బులెట్ ఒక్కటే కాదు: ఇత్తడి కేస్, అందులో పౌడర్, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, మూతిలో బులెట్, అన్నీ కలిసిన రౌండ్. తప్పెక్కడ? పౌడర్ ఎక్కువైందా, బులెట్ రైఫ్లింగ్‌కి (బారెల్ లోపలి మెలిక గాళ్లకి) ఆనుకుందా, కేస్ పొడవు పెరిగి బులెట్‌ని పట్టుకునే మెడ నలిగిందా, లేక తూటా కూర్చునే ఛాంబర్ కోతలోనే లోపముందా? నాలుగింట్లో ఏదైనా కావచ్చు. పాత రైఫిల్ అయితే తూటాని అనుమానిస్తాం, కొన్న తూటా అయితే రైఫిల్‌ని అనుమానిస్తాం. రెండూ కొత్తవే అయినప్పుడు దేన్నీ నమ్మడానికి లేదు. అందుకే ఈ పనిలో కిటుకంతా వరసలో ఉంది. ముందు ఫ్యాక్టరీ తూటాతో రైఫిల్ సంగతి తేల్చుకోవాలి, ఆ తర్వాతే మన తూటా. ఒకసారికి ఒక్కటే మార్చాలి.

ఉదాహరణకి ఇక్కడ తీసుకున్నది .308 విన్‌చెస్టర్. 1952 నుంచీ ఉన్న కార్ట్రిడ్జ్, సమాచారానికి కొదవ లేదు, బ్రాస్ (ఇత్తడి కేసులు) ఎక్కడైనా దొరుకుతుంది. రైఫిల్ రెమింగ్టన్ 700 తరహా బోల్ట్ యాక్షన్, 24 అంగుళాల బారెల్. బులెట్ 168 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే చిన్న బరువు కొలత) మ్యాచ్ రకం, అంటే పోటీల కోసం చేసింది.

సామాన్లు కొనే ముందు చట్టం మాట. ఇది అమెరికాలో మామూలు హాబీ. పౌడర్, ప్రైమర్లు, డైలు (కాల్చిన కేస్‌ని మళ్లీ కొలతకి నొక్కే అచ్చులు) వేట సామాన్ల దుకాణంలోనే అమ్ముతారు. అయితే మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకే కాదు, తూటా దగ్గర పెట్టుకోవడం కూడా అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపులు ఉన్నాయి, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ వాటిలో ఒకటి. కానీ మీ పరిస్థితికి అది వర్తిస్తుందో లేదో లాయర్ చెప్పాలి, రేంజ్‌లో పక్క బల్ల మీద ఉన్నాయన కాదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. ఇక ఇండియాలో 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద తూటాల తయారీకి లైసెన్స్ తప్పనిసరి. ఆంధ్రలోనో తెలంగాణలోనో ఇంట్లో కూర్చుని ప్రయత్నించే పని కాదిది.

ఇంకొకటి. పౌడర్ ఎన్ని గ్రెయిన్లు పోయాలో ఈ వ్యాసంలో రాయడం లేదు, కావాలనే. ఆ అంకె పౌడర్ తయారీదారు లేదా బులెట్ తయారీదారు అచ్చేసిన మాన్యువల్ నుంచే రావాలి. ఫలానా బులెట్, ఫలానా పౌడర్, ఫలానా ప్రైమర్, ఫలానా కేస్ అని అందులో ఎలా ఉందో అలాగే తీసుకోవాలి. ఎవరో ఫోన్లో పంపిన స్క్రీన్‌షాట్‌లో అంకె సరైనదే అయినా, అది వాళ్ల ఛాంబర్‌కి సరైనది.

బల్ల మీదే తేలిపోవాల్సినవి

మొదటిది హెడ్‌స్పేస్. బోల్ట్ మూసినప్పుడు దాని ముఖానికీ, ఛాంబర్లో కేస్ భుజం (మెడలోకి సన్నబడే వాలు) ఆనే చోటుకీ మధ్య దూరం అది. దాన్ని చూసే ఉక్కు కొలత ముక్కలే గేజ్‌లు. .308కి గో గేజ్ 1.630 అంగుళాలు, నో-గో 1.634. రెండింటికీ తేడా నాలుగు థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు నాలుగు. మన లేత్ షాపుల్లో అనే మాటే ఇక్కడా నడుస్తుంది. బోల్ట్ నుంచి ఫైరింగ్ పిన్ (ప్రైమర్‌ని కొట్టే సూది), ఎజెక్టర్ (కాలిన కేస్‌ని బయటికి తోసేది) తీసేయండి. తీయకపోతే ఎజెక్టర్ స్ప్రింగ్ గేజ్‌ని తోస్తుంది, ఆ బిగుతు ఛాంబర్‌దని భ్రమపడతాం. హ్యాండిల్‌ని రెండు వేళ్లతో దింపాలి. గో గేజ్ మీద సొంత బరువుతో దిగినట్టు మూసుకోవాలి, నో-గో మీద మూసుకోకూడదు. బలం పెడితే నో-గో మీద కూడా మూసుకుపోవచ్చు. హ్యాండిల్ దించుతుంటే బోల్ట్ ముందుకు బిగిసే (కామింగ్) ఒత్తిడి అంతుంటుంది, దానికి తోడు గేజ్ కూడా పాడవుతుంది.

నో-గో గేజ్ లేకపోతే గో గేజ్ అడుగున మామూలు పారదర్శక టేపు ఒక పొర అంటించి, అంచులు బ్లేడుతో గుండ్రంగా కోయండి. ఒక పొర మందం సుమారు రెండు థౌ. మీ టేపుని మైక్రోమీటర్‌తో కొలిచి చూసుకోండి. ఒక పొరతో మూసుకుని రెండో పొరకు ఆగిందంటే, గో కంటే రెండు నుంచి నాలుగు థౌల మధ్య ఉందన్నమాట. రెండు పొరలతోనూ సునాయాసంగా మూసుకుంటే రైఫిల్ మళ్లీ దాన్ని కట్టిన గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లాలి, ఇంకో మాట లేదు.

తర్వాత స్క్రూలు. స్కోప్ బేస్ స్క్రూలు 20 అంగుళం-పౌండ్ల దగ్గర, రింగ్ స్క్రూలు 15 నుంచి 18 మధ్య, అల్యూమినియం చాసిస్‌లో (లోహపు స్టాక్‌లో) యాక్షన్ స్క్రూలు, అంటే బోల్ట్ ఉండే భాగాన్ని దానికి బిగించేవి, 65 దగ్గర బిగించడం వాడుక. తయారీదారు వేరే అంకె ఇస్తే అదే వేదం. ఈ తరహా యాక్షన్లలో ముందు బేస్ స్క్రూ కాస్త పొడవైతే కొస లోపలికి పొడుచుకొచ్చి బోల్ట్ లగ్‌కి (బోల్ట్‌ని బిగించి ఉంచే పంటికి) తగులుతుంది. బోల్ట్ బిరుసుగా తిరుగుతుంది. రేంజ్‌లో అది చూసి ప్రెషర్ ఎక్కువైందని తూటాలన్నీ విప్పేసేవాళ్లున్నారు. అందుకే ఖాళీ ఛాంబర్‌తో బోల్ట్ ఎలా తిరుగుతుందో చేతికి ముందే తెలిసుండాలి. బేస్ బిగించక ముందొకసారి, బిగించాక ఒకసారి తిప్పి చూడండి.

బారెల్ స్టాక్‌కి (రైఫిల్ కింది చట్రానికి) తగలకుండా, రెండింటి మధ్య కాగితం ముక్క ఛాంబర్ దాకా జారాలి. ఛాంబర్లో కటింగ్ ఆయిల్ మిగిలితే శుభ్రంగా తుడవండి. నూనె ఉన్న ఛాంబర్ గోడను కేస్ పట్టుకోలేదు, వెనక్కి వచ్చే తోపుడంతా బోల్ట్ ముఖం మీద పడుతుంది. చివరగా బోల్ట్ తీసి బోర్‌లోంచి (బారెల్ రంధ్రంలోంచి) వెలుతురు చూడండి. తుడిచే గుడ్డ (ప్యాచ్) ముక్క ఇరుక్కుని ఉండటం అరుదేమీ కాదు.

ముందు ఫ్యాక్టరీ తూటా

ఒకే లాట్‌కి (ఒకే విడత తయారీకి) చెందిన 20 రౌండ్ల పెట్టె కొనండి, 168 గ్రెయిన్ల మ్యాచ్ రకమే అయితే మంచిది. ఇందులో బిగినర్ల కోసం అన్నదేమీ లేదు, ముప్పై ఏళ్లు లోడ్ చేసినవాళ్లకూ ఇది తప్పదు. ఈ పెట్టె మూడు పనులు చేస్తుంది. రైఫిల్ సరిగా ఉందని రుజువు, వేగానికి ఒక కొలబద్ద, మీ ఛాంబర్ ఆకారంలోకి ఒదిగిన 20 కేసులు.

కాల్చే ముందు మూడు తూటాల భుజం దగ్గర కొలత తీసుకోండి. క్యాలిపర్‌కి కంపారేటర్ బుష్ (కేస్ భుజం మీద ఆనే రంధ్రం ఉన్న ముక్క) తగిలిస్తే చాలు. ఈ అంకె అసలు హెడ్‌స్పేస్ కాదు, తేడా చూడటానికి మాత్రమే. కాల్చక ముందు 1.621 అని చూపించింది, కాల్చాక 1.627 అంటోంది అనుకుందాం. కేస్ ఆరు థౌ సాగింది. ఇది మామూలే. పది దాటితే ఆగి ఆలోచించాలి.

మొదటి రౌండ్ ఒక్కటే పెట్టండి, మ్యాగజీన్ ఖాళీ. కళ్లద్దాలు, చెవుల్లో ప్లగ్గులు, వాటి మీద మఫ్‌లు. కొత్త కట్టుడు రైఫిల్ మొదటి రౌండ్‌ని బరువైన రెస్ట్‌లో కట్టి, అడ్డు వెనక నుంచి తాడుతో ట్రిగర్ లాగేవాళ్లున్నారు. దాన్ని చాదస్తం అనుకోనక్కర్లేదు. కేస్ తీసి వెలుతుర్లో తిప్పండి. అడుగు నుంచి అంగుళంలో మూడోవంతు పైన చుట్టూ మెరిసే గీత కనిపిస్తోందా? పేపర్‌క్లిప్ కొస వంచి కేస్ లోపల గోడ వెంట కిందికి గీరండి. ఆ గీత ఉన్న చోట కొస చిన్న కాలవలో పడినట్టు తట్టిందంటే గోడ పల్చబడింది, ఇంకోసారికి కేస్ రెండు ముక్కలవుతుంది. మొదటిసారి కాల్చిన కేస్‌లోనే అలా వచ్చిందంటే హెడ్‌స్పేస్ ఎక్కువని అర్థం.

ఆ పెట్టె అయిపోయేసరికి స్కోప్ జీరో (గురి చూసిన చోటే దెబ్బ పడేలా సర్దడం) కుదురుతుంది. క్రోనోగ్రాఫ్ (బులెట్ వేగం కొలిచే పరికరం) చూపిన సగటు వేగం రాసిపెట్టుకోండి.

తూటా నింపడంలో ఈ రైఫిల్‌కి పట్టింపులు

లోడింగ్ మొదటి పాఠాలు ఇక్కడ చెప్పడం లేదు. కొత్త రైఫిల్‌కి ప్రత్యేకమైనవి మాత్రమే.

భుజం ఎంత దించాలి? కాల్చిన కేస్ 1.627 ఉంటే రీసైజ్ చేశాక (ప్రెస్‌లో డైతో మళ్లీ కొలతకి నొక్కాక) 1.625 రావాలి, అంటే రెండు థౌ. డై మీద రాసిన సూచన ప్రకారం దాన్ని షెల్‌హోల్డర్‌కి (ప్రెస్‌లో కేస్ అడుగుని పట్టుకునే ముక్కకి) ఆనించి ఇంకో పావు తిప్పు తిప్పితే చాలాసార్లు ఆరేడు థౌ దిగిపోతుంది. అలా ప్రతిసారీ సాగి, దిగి, సాగి నాలుగైదు కాల్పులకే కేస్ విరుగుతుంది. డై మర అంగుళానికి 14 చుట్లు. ఒక పూర్తి తిప్పుకి 71 థౌ కదులుతుంది, కాబట్టి రెండు థౌకి పది డిగ్రీలు. గడియారంలో నిమిషాల ముల్లు ఒకటిన్నర నిమిషంలో కదిలేదానికంటే కాస్త ఎక్కువ, అంతే. డై మీదా ప్రెస్ మీదా మార్కర్‌తో గీత పెట్టుకుంటే ఆ కదలిక కంటికి కనబడుతుంది.

కేస్ పొడవు 2.015 దాటకూడదు, 2.005కి ట్రిమ్ చేస్తారు (కోసి తగ్గిస్తారు). మెడ పొడవు పెరిగితే ఛాంబర్ చివర నలిగి బులెట్‌ని పట్టేస్తుంది, ప్రెషర్ అమాంతం పెరుగుతుంది. పౌడర్ తగ్గించినా పోని లక్షణం ఇది.

బులెట్ రైఫ్లింగ్‌కి ఎక్కడ తగులుతుందో ప్రతి కొత్త బారెల్‌కీ విడిగా కొలవాలి. ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ తీసిన బోల్టే ఇక్కడా పనికొస్తుంది. సైజ్ చేసిన కేస్‌లో పౌడర్, ప్రైమర్ లేకుండా బులెట్‌ని కాస్త పొడవుగా సీట్ చేసి (మెడలో దించి బిగించి) ఛాంబర్లో పెట్టి బోల్ట్ మూయండి. బులెట్ రైఫ్లింగ్‌లో ఇరుక్కుంటే హ్యాండిల్ పైకి లేపేటప్పుడు చిన్న టక్ తగులుతుంది. రెండు మూడు థౌలు లోపలికి దింపి మళ్లీ చూడండి. ఆ టక్ పోయిన చోటే తగిలే హద్దు. బులెట్ మూతి నుంచి కాదు, కంపారేటర్‌తో ఓజైవ్ (బులెట్ కొసవైపు వంపు) మీద కొలవండి. మూతులు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి. హద్దు 2.230 అని వస్తే మొదటి పరీక్షకి 2.210, అంటే 20 థౌ వెనక. మ్యాగజీన్‌లో పడుతుందో లేదో చూసుకోండి, .308కి మొత్తం పొడవు ప్రమాణం 2.800 దగ్గరే. రైఫ్లింగ్‌కి ఆనించి మొదలుపెట్టడం మాత్రం వద్దు. బులెట్‌కి పరుగందుకునే చోటు లేక ప్రెషర్ పైకి లేస్తుంది, మాన్యువల్ అంకెలకి అప్పుడు అర్థం లేదు.

పౌడర్ తూచేటప్పుడు బల్ల మీద ఒకే డబ్బా. పేర్లు చూసి మోసపోవద్దు. హెచ్ 4895, ఐఎంఆర్ 4895 రెండూ ఒకటి కాదు, 4350ల సంగతీ అంతే. ఒకదాని డేటాతో ఇంకోటి పోయకూడదు. ఎలక్ట్రానిక్ కాటాకి ఫ్యాన్ గాలి, ఏసీ గాలి, పక్కన ఫోను గిట్టవు. 20 ఛార్జీలకోసారి (ఒక కేస్‌లో పోసే పౌడర్ మోతాదే ఛార్జీ) చెక్ వెయిట్ పెట్టి చూడండి. ఒక గ్రెయిన్ అంటే 64.8 మిల్లీగ్రాములు, కాబట్టి పదో వంతు గ్రెయిన్ ఆరున్నర మిల్లీగ్రాములే. అంత చిన్న తేడాని కాటా తనంతట తాను నిలబెట్టుకోదు.

సైనిక కేసుల గోడలు మందం, లోపల చోటు తక్కువ. అదే ఛార్జీకి ప్రెషర్ ఎక్కువ. పరీక్షలో ఒకే బ్రాండు, ఒకే లాట్ వాడండి. ప్రైమర్ కేస్ అడుగు కంటే రెండు నుంచి ఐదు థౌ లోపలికి దిగాలి, వేలు రాస్తే గుంటలా తెలియాలి. పౌడర్ పోశాక బ్లాక్‌లో (కేసులు నిలబెట్టే చెక్కలో) ఉన్న కేసులన్నిటిపైనా టార్చి వేసి మట్టం చూడకుండా ఒక్క బులెట్ కూడా సీట్ చేయొద్దు.

ప్రెషర్ పరీక్షకి ఎన్ని కావాలి? మాన్యువల్‌లో ఇచ్చిన ప్రారంభ ఛార్జీ నుంచి గరిష్ఠానికి ఒక గ్రెయిన్ తక్కువ దాకా, అర గ్రెయిన్ చొప్పున, ఒక్కో మెట్టుకి ఒక్కో రౌండ్. .308లో నలభై గ్రెయిన్లకు పైబడి పడుతుంది గనక అర గ్రెయిన్ అంటే ఒక శాతం చిల్లర. ఆ మెట్లు శుభ్రంగా గడిస్తేనే రెండో విడత పైమెట్లు నింపాలి. ఒక్కో కేస్ మీద మార్కర్‌తో ఛార్జీ రాయండి. సంచి మీద రాస్తే సరిపోదు, బల్ల మీద సంచులు కలిసిపోవడానికి ఒక్క గాలి చాలు. రాత చెరిగిన తూటాని ఊహించి కాల్చొద్దు, బులెట్‌ని బయటికి లాగే పుల్లర్‌తో విప్పేయండి.

రేంజ్‌లో

100 గజాలు. ముందు బ్యాగ్ ఫోర్‌ఎండ్ (స్టాక్ ముందు భాగం) కింద, బారెల్ కింద కాదు. బారెల్‌కి తగిలించే క్రోనోగ్రాఫ్ గురి మారుస్తుంది కాబట్టి ప్రెషర్ పరీక్షకి పర్లేదు గానీ గ్రూపులకి (దెబ్బలు ఎంత దగ్గరగా పడ్డాయో చూసే కాల్పులకి) వద్దు. పక్కన పెట్టే రాడార్ రకానికి ఆ బాధ లేదు.

కింది ఛార్జీ నుంచి పైకే పోవాలి. ప్రతి రౌండ్ తర్వాత ఆగండి. బోల్ట్ లేపినప్పుడు చేతికి ఏమనిపించింది, క్రోనోగ్రాఫ్ ఏమంది, కేస్ అడుగు ఎలా ఉంది, మూడూ రాశాకే తర్వాతిది.

ఇప్పుడు ఈ పనిలో అందరూ ఎక్కువగా తప్పు చదివే చోటు. .308కి పరిశ్రమ ప్రమాణం గరిష్ఠంగా 62,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). బ్రాస్ మీద గుర్తులు కనబడేసరికి చాలాసార్లు ఆ గీత దాటిపోయి ఉంటాం. ఎజెక్టర్ గుంట ఆకారం కేస్ అడుగున మెరిసే మచ్చలా అచ్చు పడితే, లేదా బోల్ట్ లేవడం బరువైతే, అది హెచ్చరిక కాదు, ఆలస్యంగా వచ్చిన కబురు. అక్కడితో ఆపి, ఆ మెట్టు నుంచి కనీసం ఒక గ్రెయిన్ వెనక్కి రావాలి. పైమెట్ల కోసం నింపినవన్నీ విప్పేయాలి. "ఇంకొక్కటి చూద్దాం" అన్న మాట ఇక్కడ చెల్లదు.

ప్రైమర్ రాతలు మాత్రం అబద్ధాలు చెబుతాయి. పిన్ గుంట చుట్టూ అంచు లేచి గుంటలా కనిపిస్తే ప్రెషర్ కావచ్చు, బోల్ట్ ముఖంలో పిన్ రంధ్రం వదులుగా ఉన్నా అలాగే వస్తుంది. ఫ్యాక్టరీ తూటాతోనూ అలాగే వచ్చిందా అని ఆ 20 కేసుల్ని వీటి పక్కనే పెట్టి పోల్చి చూడండి. వాటిని పారేయకుండా దాచుకోవాల్సింది ఇందుకే. ఇంకా తిరకాసు ఇది. బాగా తక్కువ ఛార్జీలో ప్రైమర్ వెనక్కి పొడుచుకొస్తుంది లేదా చదునుగా కనిపిస్తుంది, మెడా భుజమూ మసి కొడతాయి. కేస్ గోడను పట్టుకునేంత ప్రెషర్ లేకపోవడం వల్ల వచ్చే గుర్తులవి. దాన్ని ఎక్కువ ప్రెషర్ అనుకుని ఇంకా తగ్గిస్తే సమస్య పెరుగుతుంది. మాన్యువల్ ప్రారంభ ఛార్జీ కంటే కిందికి పోవద్దనడానికి ఇదొక కారణం.

అన్నిటికంటే నమ్మదగ్గ సాక్షి వేగం. మాన్యువల్‌లో గరిష్ఠ ఛార్జీకి 24 అంగుళాల బారెల్‌లో సెకనుకి 2,700 అడుగులు అని ఉందనుకోండి. మీ బారెల్ 20 అంగుళాలదైతే అంగుళానికి సుమారు 25 చొప్పున తగ్గించి 2,600 రావాలి. గరిష్ఠానికి ఇంకా రెండు మెట్లు ఉండగానే 2,640 చూపిస్తోందంటే, కేస్ ఎంత ముచ్చటగా ఉన్నా సరే, మీ ఛాంబర్లో ప్రెషర్ అప్పుడే పైన ఉంది. ఊరికే వచ్చే వేగం అంటూ ఏదీ లేదు.

ఎండ గురించి కూడా చెప్పాలి. టెక్సస్ లోనో అరిజోనా లోనో ఆగస్టులో తూటాల పెట్టె కారు సీటు మీద వదిలేస్తే మార్చిలో చేసిన పరీక్ష లెక్క మారుతుంది. పెట్టె నీడలో, మూత వేసి ఉంచండి. పది రౌండ్లు కాలిన ఛాంబర్లో తూటా పెట్టి గాలి తగ్గేదాకా కూర్చోవడం కూడా అదే తప్పు. పౌడర్ వేడెక్కుతుంది, వేగమూ ప్రెషరూ లేస్తాయి. ఛాంబర్లోకి తూటా వెళ్లాక ఐదారు సెకన్లలో కాల్చాలి, లేదంటే తీసేయాలి.

లోడ్ ఎంచుకోవడం, అంకెల మాయ

ప్రెషర్ హద్దు తెలిశాక, దానికి కింద మూడు ఛార్జీలు ఎంచి ఒక్కోటి పదేసి నింపండి. మూడేసి రౌండ్ల గ్రూపులతో పది ఛార్జీలు పరీక్షించే అలవాటు చాలామందికి ఉంది. దాని వల్ల బారెల్ అరుగుతుందే తప్ప పెద్దగా తెలిసేదేమీ లేదు.

ఎందుకో లెక్క చూడండి. ఐదు రౌండ్లకి వేగంలో స్టాండర్డ్ డీవియేషన్ (సగటు నుంచి ఎంత చెదురుతోందో చెప్పే అంకె) 10 అని క్రోనోగ్రాఫ్ చూపిస్తే, 95 శాతం నమ్మకంతో అసలు విలువ 6 నుంచి 29 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పది రౌండ్లకైతే 7 నుంచి 18. ఇరవైకి 7.6 నుంచి 14.6. ఐదేసి రౌండ్లతో ఒక ఛార్జీకి 8, పక్కదానికి 14 వచ్చిందని మొదటిదాన్ని నెత్తిన పెట్టుకోవడం బొమ్మా బొరుసూ వేయడం లాంటిదే. ఛార్జీ పెరిగినా వేగం పెరగని "చదును చోట్లు" కూడా చాలా వరకు ఇలాంటి భ్రమలే. అదే పరీక్ష మళ్లీ చేసి చూడండి, ఆ చదును వేరే చోట ప్రత్యక్షమవుతుంది.

కొత్త బారెల్‌కి ఇంకో గుణం ఉంది. మొదటి 100 నుంచి 150 రౌండ్లలో గొంతు దగ్గర (రైఫ్లింగ్ మొదలయ్యే చోట) లోహం నునుపెక్కి, అదే లోడ్‌కి (అదే పౌడర్, ఛార్జీ, బులెట్ కలయికకి) వేగం కొంత పెరగడం మామూలు. కొన్ని బారెళ్లలో తేడా తెలియదు, కొన్నింట్లో సెకనుకి 50 అడుగుల దాకా కనిపిస్తుంది. 40వ రౌండ్ దగ్గర గరిష్ఠానికి ఆనించి పెట్టుకున్న లోడ్ 150వ రౌండ్ దగ్గర బోల్ట్ పట్టేయడానికి ఇదే కారణం. అందుకే తొలి వంద రౌండ్లూ మధ్య స్థాయి లోడ్‌తోనే నడిపి, జీరో, ట్రిగర్ అలవాటు, కేసుల తయారీకి వాడుకుని, అసలు ఎంపిక ఆ తర్వాత చేయడం మేలు. కొత్త బారెల్‌ని మచ్చిక చేసే బ్రేక్-ఇన్ పేరుతో రౌండు రౌండుకీ శుభ్రం చేసే ఆచారం గురించి వాదనలు తెగవు. మంచి ల్యాప్డ్ (లోపల ముందే నునుపు చేసిన) బారెల్‌కి దానివల్ల ఒరిగేది తక్కువని మా అభిప్రాయం.

గ్రూపు కొలిచేటప్పుడు ఒక ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) అంటే 100 గజాల దగ్గర 1.047 అంగుళాలు. పది రౌండ్ల గ్రూపు ఒక ఎంఓఏలో ఉంటే ఆ రైఫిల్‌కి సంతోషించాలి. మూడు రౌండ్ల అర ఎంఓఏ ఫొటోలతో పోల్చుకోవద్దు. సీటింగ్ లోతు మార్చి చూడాలంటే ఛార్జీ ఖాయమయ్యాక, ఐదు థౌ చొప్పున ఇంకా లోపలికి మాత్రమే.

వేగంలో తేడా 100 గజాల దగ్గర కాగితం మీద కనబడదు. సెకనుకి 20 అడుగుల తేడా 600 గజాల దగ్గర నిలువున రెండు అంగుళాల పైమాటే. కాబట్టి చివరి రుజువు దూరంలోనే జరగాలి, కనీసం 300 గజాలు, 20 రౌండ్లు, రెండు వేర్వేరు రోజుల్లో.

తేడా వచ్చినప్పుడు

ట్రిగర్ లాగితే క్లిక్ మని ఊరుకుందా, రైఫిల్ టార్గెట్ వైపే పట్టుకుని కనీసం 30 సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే రౌండ్ బోల్ట్ తెరిచాక పేలితే కేస్ ముక్కలు మొహాన పడతాయి. తీశాక ప్రైమర్ మీద పిన్ గుంట చూడండి. గుంట లోతు తక్కువైతే, ప్రైమర్ పూర్తిగా దిగలేదా, భుజం ఎక్కువ దించేశారా, పిన్ స్ప్రింగ్‌కి గ్రీజు పట్టిందా అని ఆ వరసలో వెతకండి. కొత్త బోల్ట్‌లో దట్టమైన రక్షణ గ్రీజు తుడవకుండా వదిలేయడం తరచూ జరిగేదే.

పేలుడు శబ్దం బదులు చిన్న టప్ వినిపిస్తే ఆ రోజుకి ఆ రైఫిల్‌తో పని ముగిసింది. పౌడర్ పోయని కేస్‌లో ప్రైమర్ ఒక్కటే బులెట్‌ని రైఫ్లింగ్‌లోకి తోసి వదిలేస్తుంది. దాని వెనక ఇంకో రౌండ్ కాల్చితే బారెల్ పగులుతుంది. బోల్ట్ తీసి, కేస్‌లో పౌడర్ ఉందేమో చూసి, బోర్‌లో రాడ్ పెట్టండి. బులెట్ అక్కడుంటే బారెల్ మూతి వైపు నుంచి తోయాలి. తూటా నిమిషం క్రితం సరిగా కాలింది కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

బోల్ట్ మూసేటప్పుడు బరువైతే ప్రెషర్ కాదు, కొలతల సమస్య. కేస్ భుజాన్ని మార్కర్‌తో నల్లగా పూసి పెట్టి మూయండి, తీస్తే ఎక్కడ రాసుకుందో మెరుస్తుంది. భుజం మీద మెరిస్తే డై ఇంకో పది డిగ్రీలు దించాలి. బులెట్ మీద నాలుగైదు గీతలు పడితే సీటింగ్ లోతు చాలలేదు. కేస్ అడుగు దగ్గర చుట్టూ రాసుకుంటే డై ఆ ఛాంబర్‌కి పెద్దది, వేరే డై కావాలి.

ప్రైమర్ పాకెట్ (కేస్ అడుగున ప్రైమర్ కూర్చునే గుంట) వదులై కొత్త ప్రైమర్ వేలితో నొక్కితే దిగిపోతోందంటే ఆ కేస్ పారేయండి, ఆ ఛార్జీ వైపు మళ్లీ చూడకండి. రెండు మూడు కాల్పులకే అలా అయితే లోడ్ ఎక్కువగా ఉందని బ్రాస్ ఇచ్చే సాక్ష్యం అది. ఎజెక్టర్ మచ్చ లేకపోయినా సరే.

రేంజ్ నుంచి వచ్చాక చన్నీళ్లూ సబ్బుతో చేతులు కడుక్కునే దాకా తిండి ముట్టకూడదు. ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. కేసులు పొడి టంబ్లర్‌లో (కేసుల్ని దొర్లించి రుద్దే యంత్రంలో) శుభ్రం చేసేవాళ్లు ఆ దుమ్ము పిల్లలు తిరిగే చోట దులపొద్దు.

లోడ్ కుదిరిందంటే పౌడర్ లాట్ నంబరు, బులెట్ లాట్, ప్రైమర్ లాట్, కేస్ ఎన్నోసారి కాలింది, ఓజైవ్ కొలత, ఆ రోజు ఉష్ణోగ్రత, సగటు వేగం డైరీలో ఉండాలి. డబ్బా అయిపోయి అదే పౌడర్ కొత్త లాట్ తెచ్చినప్పుడు పాత ఛార్జీ నేరుగా పోయొద్దు. మూడు శాతం వెనక నుంచి మొదలుపెట్టి, పాత సగటు వేగం వచ్చే ఛార్జీ దగ్గర ఆగండి. గ్రెయిన్ల అంకె కొంచెం అటూ ఇటూ మారొచ్చు, వేగం మాత్రం డైరీలో రాసిందే రావాలి.